అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ: దాని పుట్టుక, దాని పని

న్యూఢిల్లీ నగరమునకు దక్షిణ భాగమున అన్సారీ నగర్ అను పేట కలదు. వైద్యుడును, స్వాతంత్ర్య సమర నాయకుడును అయిన డాక్టరు ముఖ్తార్ అహ్మద్ అన్సారీ పేర ఆ పేట వెలసినది. అచట ప్రతి దినమును తెల్లవాఱక మునుపే జనము బారులు తీరి నిలిచియుందురు. బీహారు, ఉత్తర ప్రదేశ్ మొదలగు రాష్ట్రముల నుండి రాత్రి రైలులో వచ్చి నేరుగా అచటికే చేరిన వారు కొందఱు. రెండు మూడు దినములుగా కాలిబాట మీదనే దుప్పటి పఱచుకొని కాలము గడుపుచున్న వారు మఱికొందఱు. వారి చేతులలో పాత ఎక్స్‌రేలు, నలిగిన మందుల చీటీలు ఉండును. రోజునకు పదివేల మందికి పైగా రోగులు ఆ ద్వారముల గుండ లోనికి పోవుదురు. వారందఱి దృష్టిలో ఎయిమ్స్ అనగా ఒక పెద్ద ఆసుపత్రి.

ఆ మాట నిజమే గాని సగము మాత్రమే నిజము. ఈ సంస్థను నెలకొల్పుటకై పార్లమెంటు చేసిన చట్టమును తెఱచి చూచినచో, దాని ఉద్దేశములలో మొదట కనబడునది రోగులకు చికిత్స కాదు. దేశములోని వైద్య కళాశాల లన్నిటికిని ఒరవడి కాదగిన విద్యా విధానమును రూపొందించుట. అనగా ఇది ముఖ్యముగా పాఠశాల. అందును, పాఠము చెప్పువారిని తయారు చేయుటకై పుట్టిన పాఠశాల. రోగులు లేనిదే వైద్యవిద్య లేదు గనుక ఆ పాఠశాలకు ఆసుపత్రి కావలసివచ్చెను. కాలక్రమమున ఆసుపత్రి పేరు ప్రబలి పాఠశాల పేరు మఱుగుపడెను. ఈ సంస్థ ఎందులకు పుట్టినది, ఆ పనిలో ఎంత సాధించినది, ఎచట వెనుకబడినది అను విషయములు ప్రజలు తెలిసికొనదగినవి. ఏలయన దీనిని పోషించుచున్నది ప్రజాధనమే.

భోర్ కమిటీ కాలమునాటి స్థితి

1943వ సంవత్సరము అక్టోబరు మాసమున నాటి భారత ప్రభుత్వము సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక ఆరోగ్య పరిశీలక సంఘమును నియమించెను. ఆ సంఘము 1946లో తన నివేదికను సమర్పించెను. అందులోని అంకెలు నేటికిని చదువువారి మనస్సును కలత పెట్టును. బ్రిటిషు ఇండియాలో 6,300 మంది ప్రజలకు ఒక్క డాక్టరు చొప్పున ఉండెను. నర్సుల విషయము చెప్పనే అక్కఱలేదు. 43,000 మందికి ఒక్కరు. పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 162 మంది మొదటి సంవత్సరము నిండకుండగనే మరణించుచుండిరి. సగటు ఆయుర్దాయము ఇరువది యేడు సంవత్సరములకు లోపుగనే యుండెను. ఉన్న కొద్దిమంది డాక్టర్లలోను పెక్కుమంది పట్టణముల యందే నివసించుచుండిరి. పల్లెలలో ఎల్.ఎం.పి. చదివిన డాక్టరు ఒకడు పది పదునైదు గ్రామములకు దిక్కుగా నుండుట తెలుగు జిల్లాలలో పెద్దవారికి గుర్తుండును.

ఈ సంఘ సభ్యులలో డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు ఒకరు. వీరు 1887లో కర్నూలులో జన్మించిరి. ప్రసూతి వైద్యమున పేరుగాంచి, మద్రాసు వైద్య కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండి, తరువాత మద్రాసు విశ్వవిద్యాలయమునకు 1942 నుండి 1969 వఱకు ఉపాధ్యక్షులుగా పనిచేసిరి. తరువాత భారత ప్రభుత్వము నియమించిన మఱియొక ఆరోగ్య సంఘమునకు వీరే అధ్యక్షత వహించిరి.

డాక్టర్లు కావలెనన్నచో కళాశాలలు పెట్టవచ్చును. కాని ఆ కళాశాలలలో పాఠము చెప్పువారు ఎచటనుండి వత్తురు? భోర్ సంఘమునకు ఎదురైన అసలు చిక్కు ఇదియే. తెలుగు దేశమున విశాఖపట్టణములో 1923లోను, గుంటూరులో 1946లోను వైద్య కళాశాలలు ఏర్పడినవి. హైదరాబాదున 1846లో వెలసిన వైద్య పాఠశాల ఉస్మానియా వైద్య కళాశాలగా పెరిగినది. ఢిల్లీలోనే చూచినచో, 1916లో స్త్రీల కొఱకు ప్రారంభమైన లేడీ హార్డింజి కళాశాల తప్ప స్వాతంత్ర్యము వచ్చునాటికి మఱియొక వైద్య కళాశాల లేదు. ఇట్టి కళాశాలలలో చదివి పట్టము పుచ్చుకొన్నవాడు శస్త్రచికిత్సలోనో, గుండె జబ్బులలోనో ప్రత్యేక ప్రావీణ్యము పొందదలచినచో ఓడ యెక్కి ఇంగ్లండు పోవలసినదే. ఎఫ్.ఆర్.సి.ఎస్., ఎం.ఆర్.సి.పి. అను అక్షరములు పేరు ప్రక్కన లేనివానిని ప్రొఫెసరు పదవికి తగినవానిగా లెక్కించుట అరుదు. స్థితిమంతుల బిడ్డలు పోగలిగిరి. తెలివియే గాని ధనము లేనివాడు మిగిలిపోయెను. కావున ఉన్నత వైద్యవిద్య గఱపుటకును, అధ్యాపకులను, పరిశోధకులను తయారు చేయుటకును దేశమున ఒక మహాసంస్థ ఉండవలెనని భోర్ సంఘము సిఫారసు చేసెను.

రాజకుమారి అమృత్ కౌర్ కృషి

సిఫారసు కాగితము మీద నుండగనే దేశ విభజన జరిగెను. లక్షలాది కాందిశీకులు, కలరా భయము, ఖాళీ ఖజానా. అట్టి సమయమున ఈ తలంపును చేపట్టి విడువక సాధించినది స్వతంత్ర భారతమున మొదటి ఆరోగ్యశాఖామంత్రి రాజకుమారి అమృత్ కౌర్. కపూర్తలా రాజవంశమున పుట్టి, రాజభోగములను వీడి, చిరకాలము గాంధీ మహాత్మునికి కార్యదర్శినిగా పనిచేసిన ఆమె, కేంద్ర మంత్రివర్గమున స్థానము పొందిన మొదటి స్త్రీ. 1950లో ప్రపంచ ఆరోగ్య మహాసభకు ఆమెయే అధ్యక్షురాలు. ఆ అంతర్జాతీయ పరిచయములను ఆమె దేశమునకై వినియోగించెను.

కొలంబో ప్రణాళిక క్రింద న్యూజిలాండు ప్రభుత్వము ఈ సంస్థ నిర్మాణమునకు పది లక్షల పౌనులు విరాళముగా నిచ్చినది. న్యూజిలాండు చిన్న దేశము. ఆనాడు దాని జనాభా సుమారు ఇరువది లక్షలు. మన పెద్ద జిల్లా ఒకదాని జనాభాకు మించదు. గొఱ్ఱెల పెంపకముతోను, పాడితోను జీవించు ఆ దేశము ఎన్నడును చూడని రోగుల కొఱకు ఇంత ధనము పంపుట సామాన్యమైన సంగతి కాదు. ఆ విరాళము వలననే 1952లో శంకుస్థాపన సాధ్యమైనది. ఇతర దేశముల నుండియు, అమెరికాకు చెందిన రాక్‌ఫెల్లరు ఫౌండేషను నుండియు కూడ సహాయము లభించినది.

1956 ఫిబ్రవరి 18వ తేదీన రాజకుమారి లోకసభలో బిల్లును ప్రవేశపెట్టిరి. ఉన్నత వైద్యవిద్య కొఱకు మన యువతీ యువకులు పరదేశములకు పోనక్కఱ లేకుండ స్వదేశముననే అభ్యసించుటకు తగిన సంస్థ నెలకొల్పుట తన చిరకాల స్వప్నమని ఆమె సభకు తెలిపిరి. ఆ సంవత్సరముననే చట్టము అమలులోనికి వచ్చినది. ఎయిమ్స్ జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా ప్రకటింపబడినది. ఏ విశ్వవిద్యాలయముతోను సంబంధము లేకుండ తన పట్టములను తానే ప్రదానము చేయుటకును, తన పాఠ్యక్రమమును తానే నిర్ణయించుకొనుటకును దానికి అధికారము కలిగినది. సంస్థకు మొదటి అధ్యక్షురాలు రాజకుమారియే. 1964లో మరణించువఱకు ఆ పదవిని ఆమె నిర్వహించిరి. సిమ్లాలోని తన స్వంత భవనమును కూడ సంస్థలోని నర్సులు, ఇతర సిబ్బంది విశ్రాంతి కొఱకు దానమిచ్చిరి. డాక్టర్ల మాట అందఱును తలతురు. నర్సులను ముందు తలచినది ఆమె.

మొదటి తరగతి

1956లో 50 మంది విద్యార్థులతో ఎం.బి.బి.ఎస్. మొదటి తరగతి ప్రారంభమైనది. మొదటి డైరెక్టరు డాక్టరు బి.బి. దీక్షిత్. కట్టడములు పూర్తి కాలేదు. రహదారికి ఆవలి వైపున 1942లో యుద్ధకాలమున అమెరికా సైనికుల కొఱకు వేసిన ఆసుపత్రి సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిగా మాఱి అప్పటికే నడచుచుండెను. దాని ఎదుట పొలము వలె నున్న నేలపై కొత్త సంస్థ ఒక్కొక్క అంతస్తుగా పైకి లేచెను.

ఈ సంస్థ మొదటినుండియు రెండు కట్టుబాట్లను పాటించినది. అధ్యాపకులు పూర్తికాలపు ఉద్యోగులు. వారు ప్రైవేటు ప్రాక్టీసు చేయరాదు. ఉదయము కళాశాల, సాయంకాలము స్వంత క్లినిక్ అను పద్ధతి నాడు దేశమంతటను ఉండెను. దానివలన ధనము గలవానికి ప్రొఫెసరు సాయంకాలము దొరకును, బీదవానికి ఉదయము కూడ దొరకడు. ఎయిమ్స్ ఆ పద్ధతిని మొదటనే తోసివేసినది. రెండవది, పై చదువు చదువు డాక్టర్లు సంస్థ ఆవరణముననే నివసించుచు రాత్రింబవళ్లు వార్డులలో పనిచేయుచు నేర్చుకొనవలెను. రెసిడెంటు డాక్టరు అను మాటకు అర్థము ఇదియే. గ్రంథము చదివిన జ్ఞానము ఒకటి. అర్ధరాత్రి ఊపిరాడక వచ్చిన రోగి మంచము ప్రక్క నిలిచి నేర్చినది వేఱొకటి.

మొదటి దశాబ్దములలో చేరిన అధ్యాపకులలో పెక్కుమంది విదేశములందు ఉన్నత విద్య పొందినవారే. పరదేశ విద్య అక్కఱ లేకుండ చేయుటకు పరదేశ విద్య పొందినవారిని తెచ్చుకొనవలసి వచ్చినది. ఒక తరము అట్లు గడవక తప్పదు.

కాంగ్రా లోయలోని ఉప్పు

ఆ తొలి ప్రొఫెసర్లలో తెలుగువారు గర్వింపదగిన పేరు డాక్టరు వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణము ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఆక్సుఫర్డులో పరిశోధన చేసి, కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో పనిచేసిరి. ఆ పరిశోధనశాలయే తరువాత హైదరాబాదునకు తరలి నేడు జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి చెందియున్నది. 1957లో ఎయిమ్స్‌లో రోగ విజ్ఞాన శాఖకు ప్రొఫెసరుగా చేరి, 1969 నుండి 1979 వఱకు డైరెక్టరుగా నుండిరి. 1986లో లండను రాయల్ సొసైటీ వారిని సభ్యునిగా ఎన్నుకొన్నది. పదవులు అనేకులకు వచ్చును. రామలింగస్వామిగారి పేరు నిలిచియుండుటకు కారణము ఉప్పు.

హిమాలయ పాదముల వెంబడి నివసించు ప్రజలలో కంఠము ముందు భాగమున వాపు సామాన్యముగా కనబడుచుండెను. దీనినే గాయిటరు అందురు. మన కంఠములో థైరాయిడు అను గ్రంథి కలదు. శరీరపు పెరుగుదలకును, మెదడు వికాసమునకును అవసరమైన రసమును అది తయారు చేయును. ఆ రసమునకు అయొడిను అను మూలకము ముడిసరుకు. పెద్దవానికి దినమునకు 150 మైక్రోగ్రాములు చాలును. అది చిటికెడు ఉప్పులో వెయ్యవ వంతు కూడ కాదు. కాని కొండలలోని నేలనుండి మంచు, వాన, నదీ ప్రవాహములు వేల సంవత్సరములుగా అయొడినును కడిగివేసినవి. నేలలో లేనిది పంటలో లేదు. పంటలో లేనిది మనుష్యునిలో లేదు. ముడిసరుకు చాలని గ్రంథి మఱింత శ్రమపడి ఉబ్బును. వాపు కంటికి కనబడు చిహ్నము మాత్రమే. గర్భిణికి అయొడిను చాలనిచో బిడ్డ మందబుద్ధిగానో, చెవిటి మూగగానో పుట్టవచ్చును. ఆ నష్టమును పిదప ఏ మందును పూడ్చలేదు.

రామలింగస్వామియు, వారి సహచరులును పంజాబులోని కాంగ్రా లోయను పరిశీలనకై ఎన్నుకొనిరి. ఆ లోయ నేడు హిమాచల ప్రదేశ్‌లో నున్నది. పని 1956లో, అనగా ఆయన ఎయిమ్స్‌లో చేరుటకు కొంచెము ముందుగనే, ప్రారంభమై అచట చేరిన పిమ్మట కొనసాగినది. సుమారు లక్షమంది ప్రజలు గల ప్రదేశమును మూడు భాగములుగా చేసిరి. రెండు భాగములకు అయొడిను కలిపిన ఉప్పును, ఒక దానికి మామూలు ఉప్పును సరఫరా చేసిరి. మందుబిళ్ల కాక ఉప్పునే ఏల ఎన్నుకొనిరి? ధనవంతుడైనను, కూలివాడైనను దినమునకు తిను ఉప్పు ఇంచుమించు ఒకే పరిమాణము. ఎవరింటికిని పోయి మందు మ్రింగుమని చెప్పనక్కఱలేదు. కూరలో పడిన చాలును. అయిదారు సంవత్సరముల తరువాత పిల్లల కంఠములను మరల పరీక్షించి చూచిరి. అయొడిను ఉప్పు తిన్న రెండు భాగములలోను వాపులు బాగుగా తగ్గినవి. మామూలు ఉప్పు తిన్న భాగమున మార్పు లేదు. సందేహమునకు తావు లేదని తేలిన వెంటనే ఆ మూడవ భాగమునకును అయొడిను ఉప్పు పంపబడెను.

1962లో జాతీయ గాయిటరు నివారణ పథకము ప్రారంభమైనది. తొలుత కొండ ప్రాంతములకే పరిమితమైన ఆ పథకము, అయొడిను కొఱత మైదానములలోను కలదని తేలిన పిదప 1980ల నుండి దేశమంతటికిని వ్యాపింపజేయబడినది. నడుమ ఒక వింత జరిగినది. అయొడిను లేని తినుబండారపు ఉప్పు అమ్మరాదను నిషేధము 1997లో వచ్చి, 2000లో తొలగి, ఆ తరువాత మరల విధింపబడి 2006 నుండి అమలులో నున్నది. శాస్త్రము ఒకసారి తేల్చినను, పరిపాలన దానిని రెండుసార్లు నేర్వవలసి వచ్చినది. ఈనాడు తెలుగునాట ఏ కిరాణా దుకాణములోనైనను ఉప్పు పొట్లముపై అయొడిను అను మాట కనబడుచున్నదనిన, దాని వెనుక కాంగ్రా పిల్లల కంఠములు కలవు. ఆ పొట్లమును తెఱచి ఉంచక మూతగల పాత్రలో, పొయ్యికి దూరముగా భద్రపఱచుట మంచిది. తేమకును, వేడికిని అయొడిను క్రమముగా తగ్గిపోవును.

బల్లభ్‌గఢ్ గ్రామములు

గొప్ప ఆసుపత్రిలో నేర్చిన డాక్టరుకు గొప్ప ఆసుపత్రిలో మాత్రమే పని చేయుట వచ్చునను ఆక్షేపణ మొదటినుండియు కలదు. దానికి సమాధానముగా 1965లో ఢిల్లీకి దక్షిణమున మథుర పోవు మార్గములోని బల్లభ్‌గఢ్‌లో గ్రామీణ ఆరోగ్య కేంద్రము ప్రారంభింపబడినది. ఇది నేడు హర్యానాలోని ఫరీదాబాదు జిల్లాలో చేరియున్నది. ఛాయ్‌సా, దయాల్‌పూర్ అను రెండు ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల చుట్టునున్న ఇరువది యెనిమిది గ్రామములలో ఇంటింటి జననములు, మరణములు, టీకాలు, వలసలు దశాబ్దములుగా నమోదగుచున్నవి. ఆరోగ్య కార్యకర్త ఇంటింటికిని పోయి అడిగి వ్రాసికొను ఆ వివరములు దేశమున అమూల్యమైన నిధి. ఏ వయసులో ఏ కారణమున ఎందఱు మరణించిరను ప్రశ్నకు ఆసుపత్రి పుస్తకములు సమాధానము చెప్పజాలవు. ఆసుపత్రికి రాకయే పోయినవారి లెక్క వానిలో ఉండదు గదా. సంస్థలో ఎం.బి.బి.ఎస్. ముగించిన ప్రతి విద్యార్థియు అచట నివసించి కొంతకాలము పనిచేయవలెను. స్కానింగు యంత్రము లేని చోట చేతితో తాకి, చెవితో విని, ప్రశ్నించి రోగమును గుర్తించుట అచటనే అలవడును.

ఢిల్లీ శిశువులనుండి ఆంధ్ర శిశువుల వఱకు

పాఠశాల, ఆసుపత్రి, పరిశోధన ఒక్క చోట నుండుట వలన కలుగు లాభమునకు విరేచనముల టీకా కథ మంచి ఉదాహరణము. చిన్న పిల్లలకు వచ్చు తీవ్రమైన నీళ్ల విరేచనములకు ముఖ్య కారణము రోటా వైరసు. టీకా రాక మునుపు మన దేశమున దీనివలన ఏటేట సుమారు 78,000 మంది శిశువులు మరణించుచుండిరని పరిశోధకుల అంచనా.

1985–86 ప్రాంతమున ఎయిమ్స్‌లోని నవజాత శిశువులను పరీక్షించునపుడు డాక్టరు మహారాజ్ కిషన్ భాన్, ఆయన సహచరులు ఒక విచిత్రమును గమనించిరి. కొందఱు శిశువుల మలములో రోటా వైరసు ఉన్నది. కాని వారికి విరేచనములు లేవు. సాధారణముగా ఇట్టి ఫలితమును చూచినవారు పరీక్షలో ఏదో దోషమున్నదని ప్రక్కకు నెట్టివేయుదురు. వీరు ఆ శిశువులను వెంబడించి చూడగా, ఆ వైరసు సోకిన బిడ్డలకు తరువాత తీవ్రమైన విరేచనములు తక్కువగా వచ్చినట్లు తేలినది. ప్రకృతియే బలహీనమైన వైరసును తయారు చేసి టీకా వేసినట్లయినది. 116ఇ అను సంకేతనామముతో దానిని భద్రపఱచిరి.

అచటనుండి ముప్పది సంవత్సరముల దూరము. దానిని టీకాగా తయారు చేసినది హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ. భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖయు, విదేశీ పరిశోధన సంస్థలును సహకరించినవి. ఢిల్లీ, పూణే, వెల్లూరు కేంద్రములలో 6,799 మంది శిశువులపై జరిగిన పరీక్ష ఫలితములు 2013లో వెల్లడియైనవి. తీవ్రమైన రోటా విరేచనములను మొదటి సంవత్సరమున సగముకంటె కొంచెము ఎక్కువగా, అనగా 56 శాతము వఱకు, ఈ టీకా నివారించినది. నూటికి నూఱు కాదు. అయినను సగము మరణములు తప్పుట స్వల్పము కాదు. 2016లో సార్వత్రిక టీకాల కార్యక్రమమున దీనిని చేర్చినపుడు మొదట ఎన్నుకొన్న నాలుగు రాష్ట్రములలో ఆంధ్ర ప్రదేశ్ ఒకటి. తక్కినవి హర్యానా, హిమాచల ప్రదేశ్, ఒడిశా. బిడ్డకు 6, 10, 14 వారముల వయసున ఇతర టీకాలతోపాటు రోటా టీకాను నోటి ద్వారా వేయుదురు. ప్రభుత్వ కేంద్రములలో ఇది ఉచితము. టీకా వేయించినను విరేచనములు వచ్చినచో ఓ.ఆర్.ఎస్. నీటిని త్రాగించుట మానరాదు, చనుబాలును ఆపరాదు.

కన్ను, గుండె

నేత్ర చికిత్స కొఱకు 1967లో డాక్టరు రాజేంద్ర ప్రసాద్ కేంద్రము ఏర్పడినది. అంధత్వ నివారణకై 1976లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమమునకు అది ముఖ్య కేంద్రము. నేత్రదానము చేయదలచిన కుటుంబము వారు మరణము సంభవించిన ఆఱు గంటలలోపుగ సమీపమున నున్న నేత్రనిధికి తెలియజేయవలెను, ఢిల్లీకే తెలుపనక్కఱలేదు.

గుండె మార్పిడి విషయమున 1994 ఆగస్టు 3వ తేదీ స్మరింపదగినది. 1968లో బొంబాయిలో డాక్టరు పి.కె. సేన్ చేసిన ప్రయత్నములో రోగి కొన్ని గంటలకంటె జీవింపలేదు. తరువాత పాతికేండ్లకు పైగా దేశమున ఆ శస్త్రచికిత్స విజయవంతము కాలేదు. నైపుణ్యము లేక కాదు. మెదడు పూర్తిగా మరణించినను గుండె కొట్టుకొనుచున్న మనుష్యుని చట్టము మృతునిగా అంగీకరింపనంతవఱకు, ఆ గుండెను తీయుట నేరమగును. 1994 జూలైలో మానవావయవ మార్పిడి చట్టమునకు రాష్ట్రపతి ఆమోదము లభించినది. ఒక మాసము గడవకమునుపే ఎయిమ్స్‌లో డాక్టరు పనంగిపల్లి వేణుగోపాల్ నాయకత్వమున దేశములో మొదటి విజయవంతమైన గుండె మార్పిడి జరిగినది. 1942లో రాజమహేంద్రవరమున పుట్టిన వేణుగోపాల్ ఎయిమ్స్‌లోనే ఎం.బి.బి.ఎస్. విద్యార్థిగా చేరి, అచటనే ప్రొఫెసరై, 2003 నుండి 2008 వఱకు డైరెక్టరుగా నుండిరి. 2024లో మరణించిరి. స్వదేశముననే చదివి స్వదేశముననే శిఖరమును చేరవచ్చునను రాజకుమారి తలంపునకు ఆయన జీవితము సాక్ష్యము.

ఇతర శాఖల పేర్లు చెప్పినచో జాబితా దీర్ఘమగును. ఘజియాబాదులో మాదకద్రవ్యముల అలవాటును మాన్పించు జాతీయ కేంద్రము, రోడ్డు ప్రమాదముల బాధితుల కొఱకు జయప్రకాశ్ నారాయణ్ కేంద్రము, హర్యానాలోని ఝజ్జర్ జిల్లాలో 2019లో ప్రారంభోత్సవము జరిగిన జాతీయ క్యాన్సరు సంస్థ మొదలగునవి ఢిల్లీ నలుదిక్కులను వెలసినవి.

తీఱని చిక్కులు

ఇంత చెప్పిన పిదప వేఱొక ప్రక్కను దాచుట న్యాయము కాదు. విదేశములకు పోనక్కఱ లేని విద్య కొఱకు పుట్టిన సంస్థ నుండియే విద్యార్థులు అధిక సంఖ్యలో విదేశములకు పోయిరి. 1989 నుండి 2000 వఱకు ఎయిమ్స్‌లో ఎం.బి.బి.ఎస్. పట్టము పొందినవారిలో ఇంచుమించు 54 శాతము దేశము వెలుపల నివసించుచున్నట్లు 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనము తేల్చినది. ప్రజల పన్నులతో నామమాత్రపు ఫీజుతో చదివినవారిలో సగముకంటె ఎక్కువమంది సేవ అన్య దేశముల రోగులకు లభించినదన్నమాట. దీనికి వ్యక్తులను నిందించుట తేలిక. తాము నేర్చిన విద్యకు తగిన పరికరములును, పరిశోధనావకాశములును దేశమున ఢిల్లీ వంటి ఒకటి రెండు నగరములందు మాత్రమే ఉండుట ముఖ్య కారణము. ఉద్యోగములు పదియైనచో అర్హులు వందమంది యుందురు, మిగిలినవారు విమానమెక్కుదురు.

రోగుల రద్దీకిని అదియే కారణము. దర్భంగాలోనో, గోరఖ్‌పూరులోనో జిల్లా ఆసుపత్రి సరిగా నడచినచో, హెర్నియా కొఱకు, పిత్తాశయపు రాళ్ల కొఱకు ఎవడును వేయి కిలోమీటర్లు ప్రయాణము చేయడు. అట్టి రోగులు వార్డులను నింపినకొలది, కఠిన వ్యాధుల చికిత్సకు, పరిశోధనకు, బోధనకు సమయము తగ్గును. ఆసుపత్రి పెరిగి పాఠశాలను మ్రింగివేయు ప్రమాదము ఇచటనే కలదు. రోగి తప్పు ఇందులో ఏమియు లేదు. నమ్మకమున్న చోటికి అతడు పోవును.

ఈ చిక్కును తీర్చుటకై అట్టి సంస్థలనే ఇతర రాష్ట్రములందు నెలకొల్పవలెనని 2003లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. 2012లో భోపాల్, భువనేశ్వర్, జోధ్‌పూర్, పాట్నా, రాయ్‌పూర్, ఋషికేశ్‌లలో ఆఱు సంస్థలు పని ప్రారంభించినవి. భవనములు కట్టుట తేలికయే; ఆచార్యులను నింపుట కష్టముగా నున్నది. 1946లో భోర్ సంఘము అడిగిన ప్రశ్న, పాఠము చెప్పువారు ఎచటనుండి వత్తురు అనునది, ఇంకను పాతబడలేదు.

తెలుగువారికి సమీపమున

ఆంధ్ర ప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టము ననుసరించి మంగళగిరిలో ఎయిమ్స్ మంజూరై, 2015 డిసెంబరులో శంకుస్థాపన జరిగి, 2018లో విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాల ఆవరణమున తాత్కాలికముగా 50 మందితో తరగతులు ప్రారంభమైనవి. మంగళగిరి భవనములు 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితమైనవి. తెలంగాణలో యాదాద్రి భువనగిరి జిల్లా బీబీనగర్‌లో, రాష్ట్ర ప్రభుత్వము నిమ్స్ కొఱకు కట్టించిన భవనములలో, 2019లో తరగతులు మొదలైనవి. ఎం.బి.బి.ఎస్. ప్రవేశమునకు ఎయిమ్స్ ప్రత్యేకముగా జరుపుచుండిన పరీక్ష 2019తో ముగిసినది. 2020 నుండి నీట్ పరీక్షలోని ర్యాంకు ద్వారానే ఢిల్లీలోను, ఈ రెండు చోట్లను ప్రవేశము లభించుచున్నది.

కావున తెలుగు ప్రాంతముల రోగులు ఢిల్లీ ప్రయాణము పెట్టుకొనుటకు ముందు తమ జిల్లా ఆసుపత్రిలోను, తరువాత మంగళగిరి లేక బీబీనగర్‌లోను చూపించుకొనుట శ్రేయస్కరము. ఢిల్లీకే పోవలసి వచ్చినచో ఆన్‌లైను ద్వారా గాని, ఎవరిచేతనైనను గాని ముందుగా తేదీ నిర్ణయించుకొని బయలుదేరవలెను. పాత ఎక్స్‌రేలు, స్కానింగు ఫిలిములు, రక్తపరీక్షల కాగితములు, ఇంతవఱకు వాడిన మందుల చీటీలు తేదీల వరుసన ఒక సంచిలో వెంట నుంచుకొనవలెను. లేనిచో అవే పరీక్షలు మరల చేయవలసివచ్చి దినములు గడచును. ఒక్కనాటితో పని ముగియునని తలపరాదు. రోగికి తోడు హిందీ గాని, ఇంగ్లీషు గాని మాటలాడగలవా రొకరుండుట అవసరము. గుండెపోటు, పక్షవాతము, ప్రమాదము వంటి వాటికి తేదీతో పని లేదు. అట్టి సమయములలో దూరపు గొప్ప ఆసుపత్రి కంటె దగ్గఱి ఆసుపత్రియే మేలు. 108కు ఫోను చేసినచో అంబులెన్సు వచ్చును.